సాయమ్మకు ఎవరూ చెప్పని మాట

బీర్పూర్‌లో తాళ్ళెక్కే సమ్మయ్య మాటలు తక్కువ మనిషి. తెల్లవారుతూనే చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని తాటివనానికి పోవడం, కల్లు నిండిన లొట్లు దించడం, వచ్చినవాళ్ళకు కల్లు పోయడం, ఎండ ముదిరేసరికి ఇల్లు చేరడం, ముప్పై ఏళ్ళకు పైగా ఇదే అతని బతుకు. వనంలో మగవాళ్ళు పంటల గురించి, ఎలక్షన్ల గురించి, పక్కింటి తగాదాల గురించి ఎంతైనా మాట్లాడుకుంటారు. ఇంట్లో ఆడమనిషి ఒంటి బాధ గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు. సమ్మయ్య కూడా ఎత్తలేదు. ఎత్తాల్సిన రోజు ఒకటి వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు.

భార్య సాయమ్మది కోరుట్ల దగ్గర పల్లె. పదహారేళ్ళకు పెళ్ళై వచ్చింది. వచ్చేటప్పుడే బీడీలు చుట్టే చాట, కత్తెర వెంట తెచ్చుకుంది. వాకిట్లో కూర్చుని తునికాకు కత్తిరిస్తూ ఆమె ఏదో ఒక ముచ్చట చెప్తుంటే, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తమ చాటలు కూడా అక్కడికే పట్టుకొచ్చేవాళ్ళు. రాధిక పుట్టింది. రెండేళ్ళకు మహేశ్ పుట్టాడు. కొన్నేళ్ళు గడిచాక ఆమెకు నెలసరి విపరీతం కాసాగింది. నెలలో పది రోజులు అదే బాధ. ముఖం పాలిపోయింది. బిందె ఎత్తుకుని నాలుగడుగులు వేస్తే ఆయాసం.

రెండువేల ఐదు ఎండాకాలంలో తల్లి లసుమవ్వ ఆమెను పుట్టింటికి పిలిపించుకుంది. అక్కడి ఆరెంపీ డాక్టరు కోరుట్లలో తనకు తెలిసిన నర్సింగ్ హోంకు తీసుకుపోయాడు. ఇప్పుడా నర్సింగ్ హోం లేదు, ఆ జాగాలో బట్టల దుకాణం నడుస్తోంది. అక్కడ స్కానింగ్ చేసి, గర్భసంచి పాడైంది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది అన్నారు. కబురందుకుని సమ్మయ్య బస్సెక్కి పోయేసరికి అన్నీ తయారుగా ఉన్నాయి.

"ఇద్దరు పిల్లలైరి. పిల్లలు గాకుంట ఆపరేషన్ గూడ అయిపాయె. ఇగ గా సంచి ఉండి ఏం జేస్తది అల్లుడా?" అంది లసుమవ్వ.

సమ్మయ్య ఏమీ అడగలేదు. చూపించిన చోట వేలిముద్ర వేశాడు. ఏం తీస్తున్నారో, ఏం మిగులుస్తున్నారో అడగాలని అతనికి తెలియదు. ఆనాటికి సాయమ్మకు ఇరవై తొమ్మిదేళ్ళు.

ఇంటికొచ్చాక మొదట్లో ఆమె సంబరపడింది. "నెలనెలా పీడ పాయె. ఇగ కడుపు నిండ బువ్వ తిని నా బీడీలు నేను జేసుకుంట" అంది.

నాలుగు నెలలు తిరక్కముందే మొదలైంది. కూర్చున్నచోట ఉన్నట్టుండి రొమ్ములో మంట లేచి మెడకు, ముఖానికి ఎక్కేది. రవిక తడిసి ఒంటికి అంటుకునేది. చుట్టిన బీడీలు చేతి చెమటకు నానిపోయేవి. కాసేపటికి చలి పుట్టి కొంగు కప్పుకునేది. నిద్ర పట్టదు. పొద్దున ఒళ్ళు లేవదు. చిన్న మాటకు ఏడుపు, అంతకంటే చిన్న మాటకు కోపం. పప్పులో ఉప్పెక్కువైందని మహేశ్ అంటే, గిన్నె తీసుకుపోయి వాకిట్లో బోర్లించింది ఒకసారి. బోర్లించి, అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒక్కొక్కరే తమ చాటలు వేరే వాకిళ్ళకు మార్చుకున్నారు.

"నాకేమైతాందో నాకే తెలుస్తలేదయ్యా" అని ఒకనాడు మొగుడితో అంది. "లోపల పొయ్యి రాజేసినట్టైతది. మల్ల దానంతటదే సల్లారుతది. పిచ్చి లేస్తాందా ఏంది నాకు?"

"నిమ్మలంగ ఉండు. అన్నీ మనసుల పెట్టుకుంటే గిట్లనే ఉంటది" అన్నాడు సమ్మయ్య. అని, మోకు తీసుకుని బయటికి పోయాడు.

బీర్పూర్ ఆరెంపీ డాక్టరు బలానికని సూదులు వేశాడు. ఆపరేషన్‌కూ ఈ బాధకూ సంబంధం ఉందని అతను చెప్పలేదు. వీళ్ళూ అడగలేదు.

మరుసటి ఏడు సమ్మయ్య చెల్లెలి కూతురి పెళ్ళి కోనరావుపేటలో జరిగింది. మిట్టమధ్యాహ్నం, షామియానా కింద భోజనాలు. బంతిలో కూర్చున్న సాయమ్మ రెండు ముద్దలు తిన్నదో లేదో లేచి నిలబడింది. ముఖం ఎర్రగా కందిపోయింది. తాగే నీళ్ళ డ్రమ్ము దగ్గరికి నడిచి, చెంబుతో ముంచి నెత్తిన పోసుకుంది. ఒకటి కాదు, నాలుగైదు చెంబులు. పెళ్ళికని కట్టుకున్న పట్టుచీర మొత్తం తడిసిపోయింది. జనం తినడం ఆపి చూశారు.

"సమ్మయ్య పెండ్లానికి కల్లెక్కువైనట్టుంది" అన్నారెవరో. నలుగురు నవ్వారు.

సమ్మయ్య బంతిలోంచి లేచిపోయి, ఎంగిలి చేత్తోనే ఆమె చెంప మీద కొట్టాడు.

ఆమె ఏడవలేదు. చెంపకు అంటిన మెతుకులు తుడుచుకుని, షామియానా వెనక్కి పోయి కూర్చుంది. బీర్పూర్ చేరేదాకా, బస్సులు మారుతున్నా, ఆమె నోట ఒక్క మాట లేదు. సమ్మయ్యకు అప్పుడు అది పొగరనిపించింది.

గాలి సోకిందేమో చూపించమని చుట్టాలు చెప్తే, దేవుడు ఒంటి మీదికి వస్తాడని పేరున్న ఒకామె దగ్గరికి రెండుసార్లు తీసుకుపోయాడు. రెండోసారి వేపమండలతో కొట్టారు. వెంట వచ్చిన పన్నెండేళ్ళ రాధిక తల్లికి అడ్డంపడి, "మా అవ్వకేం పట్టలే, ఇడిసిపెట్టుండ్రి" అని గుక్కపట్టి ఏడ్చింది. ఆ మండల గీతలు సాయమ్మ వీపు మీద వారం రోజులున్నాయి.

ఆలుమగల మధ్య కూడా ఏదో తెగిపోయింది. దగ్గరికి పోతే నొప్పి అనేది ఆమె. "నీ మీద ఇష్టం లేక గాదయ్యా, ఒళ్ళు ఒప్పుకుంటలేదు" అని చెప్పబోయింది. సమ్మయ్య దాన్ని మరోలా తీసుకున్నాడు. తన మంచం వరండాలోకి మార్చుకున్నాడు.

అలా ఏళ్ళు గడిచాయి. సాయమ్మ బాధ చెప్పుకోవడం మానేసింది. చెప్పడం మానేస్తే బాధ తగ్గిందనుకున్నారు ఇంట్లోవాళ్ళు. రాధికను గంభీరావుపేటకు ఇచ్చి పెళ్ళి చేశారు. మహేశ్ జగిత్యాలలో ట్రాలీ ఆటో నడుపుకుంటున్నాడు. నలభై ఏళ్ళు దాటేసరికి సాయమ్మ వీపు వంగింది, మోకాళ్ళు వంగనన్నాయి. కింద కూర్చుని బీడీలు చుట్టలేక చాట అటక మీద పెట్టేసింది. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా ఆమెను ముసలమ్మ అనడం మొదలుపెట్టారు.

రెండువేల ఇరవై నాలుగు వానాకాలంలో ఒక పొద్దున, స్నానాలగది గడప దాటుతూ కాలు కొద్దిగా మడతపడింది. గట్టిగా పడలేదు కూడా. గోడ పట్టుకుని అలా కిందికి జారి కూర్చుందంతే. మళ్ళీ లేవలేదు. మహేశ్ ఆటోలో పరుపు వేసి జగిత్యాల పెద్దదవాఖానకు తీసుకుపోయారు.

ఎముకల డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూశాడు.

"అమ్మకెన్నేండ్లు?"

"నలభై ఎనిమిది సార్" అన్నాడు సమ్మయ్య.

"తుంటి ఎముక ఇరిగింది. మిగిలిన ఎముక గూడ డెబ్బై దాటినోళ్ళ ఎముక లెక్కుంది. సంచి ఆపరేషన్ ఏమన్న అయిందా?"

అయిందన్నాడు. ఏ వయసులో అని అడిగితే చెప్పాడు. డాక్టరు తల పంకించి, ఆడవాళ్ళ డాక్టరుకు కబురు పెట్టాడు. మర్నాడు స్కానింగ్ అయ్యాక ఆమె వచ్చింది. స్టూలు లాక్కుని సాయమ్మ తల దగ్గర కూర్చుంది. సమ్మయ్యను కాదు, సాయమ్మనే అడిగింది. ఒళ్ళంతా మంటలు లేస్తాయా? చెమటలు పోస్తాయా? నిద్ర ఉంటుందా? ఊరికే ఏడుపు, కోపం వచ్చేవా? భర్తతో ఉన్నప్పుడు నొప్పి ఉండేదా? ఒక్కోదానికి సాయమ్మ తల ఊపుతూ పోయింది.

"గివన్ని మీకెట్ల తెల్సు మేడం?" అంది చివరికి.

"ఇవి నీ ఒక్కదానికే వచ్చినయి కాదమ్మా. ఆడవాళ్ళకు నలభై ఐదు, యాభై దాటినంక ముట్లు ఆగిపోతయి. ఆ వయసుల చానామందికి ఇవన్నీ వస్తయి. నీకు మాత్రం సంచితో పాటు, రెండు దిక్కుల ఉండే అండాశయాలు గూడ తీసేసిన్రు. స్కానింగ్‌ల కనబడుతలేవు. ఒంటికి కావలసిన హార్మోన్ తయారయ్యేది వాటిల్నే. అవి తీసిన రోజే నీకు ముట్లుడిగినట్టు. ఇరవై ఏండ్ల ముందే. మంటలు, ఏడుపు, ఈ ఎముక గుల్లగావుడు, అంతా దానిదే."

"దీనికి మందు లేకుండెనా?"

"ఉండె. అప్పుడే గోళీలు మొదలుపెడితే చాన వరకు తక్కువయ్యేది. ఎముకలకు గూడ ఇంత నష్టం కాకపోవు."

సాయమ్మ పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. తర్వాత అడిగింది.

"అంటే నాకు పిచ్చి గాదు?"

"కాదమ్మా."

"గాలి గూడ గాదు?"

"కాదు."

సాయమ్మ తల తిప్పి మొగుడి వైపు చూసింది. "ఇన్నవా?" అంది. అంతే. ఆ చూపులో కోపం ఉంటే సమ్మయ్య తట్టుకునేవాడు. కోపం లేదు. అతను వార్డు బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. తుంటిలో రాడ్ వేయడానికి సంతకం కావాలని నర్సు వచ్చి పిలిచేదాకా అక్కడే ఉన్నాడు. ఈసారి కాగితం మీద వేలు పెట్టకముందు, అందులో ఏముందో మొత్తం చదివి చెప్పమన్నాడు. ఆ అమ్మాయి ఓపిగ్గా చదివింది.

ఇంటికొచ్చాక సాయమ్మ మంచం దిగలేదు. సమ్మయ్య తాళ్ళెక్కడం తగ్గించుకున్నాడు. ఒళ్ళు తుడవడం, జడ వేయడం, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టడం, అన్నీ తానే నేర్చుకున్నాడు. వరండాలోని మంచం లోపలికి తెచ్చి ఆమె మంచం పక్కన వేశాడు. ఒక మధ్యాహ్నం ఆమెకు జావ తాగిస్తూ అన్నాడు.

"గా పెండ్లిల నిన్ను కొట్టిన."

"అవు, కొట్టినవు."

"నాకు తెల్వకపాయె సాయమ్మా."

"నాకు మాత్రం తెల్సా?" అంది ఆమె. "కొట్టిన దెబ్బ గక్కడికే పాయె. నేనే ఏదో తప్పు జేసిన్నేమో, నా గుణమే పాడైందేమో అనుకున్న ఇన్నేండ్లు. గదే కోసింది నన్ను. ఎవ్వలన్న ఒక్కలు చెప్తే, బాధైనా ఓర్సుకుందును."

మూతి తుడిచి గిన్నె పక్కన పెట్టాడు సమ్మయ్య.

జనవరిలో ఆమెకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. మళ్ళీ దవాఖాన, ఐదు రోజులు ఆక్సిజన్. ఆరో రోజు పొద్దున పోయింది. శవం దగ్గర లసుమవ్వ, "నేనే తోల్కపోయిన బిడ్డను, నా చేతుల్తోని నేనే తోల్కపోయిన" అని నేలకు తల కొట్టుకుంది. ఆమెను ఓదార్చేవాళ్ళు ఓదార్చారు. సమ్మయ్య ఆమెను తప్పుపట్టలేదు. ఆ కాగితం మీద వేలిముద్ర తనది.

మే నెలలో ఒక ఉదయం గంభీరావుపేట నుంచి అల్లుడు వీరేందర్ ఫోన్ చేశాడు.

"మామా, రాధికకు నెలనెలా మస్తు బ్లీడింగ్ అయితాంది. డాక్టరుకు సూపెడితే సంచి తీసెయ్యాలన్నడు. సోమారం ఆపరేషన్. నువ్వస్తే పిల్లల కాడ ఉంటవని."

రాధికకు ముప్పై ఒకటి. "నేనచ్చేదాక ఏం జెయ్యకు అల్లుడా" అని, తాళ్ళు పక్కవాడికి అప్పజెప్పి బస్సెక్కాడు. జగిత్యాలలో మారి, సిరిసిల్లలో మారి, దారి పొడవునా ఒకటే ఆలోచన. కన్నబిడ్డతో, అల్లుడి ముందర, ఈ మాటలు ఎలా మాట్లాడాలి? ఏ తండ్రీ మాట్లాడగా అతను చూడలేదు.

ఇంట్లో అడుగుపెట్టి మంచినీళ్ళు కూడా తాగకుండా అడిగాడు. "ఒక్క సంచేనా, అండాశయాలు గూడ తీస్తరా? అడిగిన్రా?"

రాధిక సిగ్గుతో తల దించుకుంది. "బాపూ, గీ ముచ్చట్లు నువ్వు మాట్లాడుడేంది?"

"మీ అవ్వతోని మాట్లాడకనే గట్లయింది బిడ్డా."

"క్యాన్సరయితదని డాక్టరే చెప్పిండు మామా" అన్నాడు వీరేందర్. "మనమేమన్న సదువుకున్నోళ్ళమా ఎదురు చెప్పనీకి?"

"మాకు గూడ గదే మాట చెప్పిన్రు కొడుకా. ఇరవై ఏండ్ల కింద. నేను అడగలే." సమ్మయ్య జగిత్యాల డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాడు. మంటల గురించి, ఏడుపు గురించి, గుల్లయిన ఎముక గురించి. తన మంచం వరండాలోకి మార్చుకున్న సంగతి కూడా, నేల చూపులు చూస్తూ, దాచకుండా చెప్పాడు. రాధిక ఏడుస్తూ వింది. తల్లి వీపు మీద వేపమండల గీతలు ఆమె కళ్ళతో చూసినవే. అవి ఎందుకు పడ్డాయో మాత్రం ఇప్పుడే తెలిసింది.

వీరేందర్ గూట్లోంచి స్కానింగ్ కాగితాలు తీశాడు. "ఇంకో డాక్టరుకు సూపెడుదాం మామా" అన్నాడు.

మర్నాడు ముగ్గురూ సిరిసిల్ల ప్రభుత్వ దవాఖానకు పోయారు. అక్కడి లేడీ డాక్టరు స్కానింగ్ చూసి, సంచిలో చిన్న గడ్డ ఉంది, క్యాన్సర్ లక్షణాలేమీ లేవు, ముందు మందులతో చూద్దాం అంది. రక్తం బాగా తగ్గిందని దానికీ మందు రాసింది. "కొందరికి నిజంగనే సంచి తీయాల్సి వస్తది. అప్పుడు గూడ అండాశయాలు ఉంచుతరా, తీస్తరా, ఎందుకు తీస్తున్నరు అని అడుగుండ్రి. అడుగుడు మీ హక్కు" అంది. మూడు నెలలకు రాధికకు రక్తస్రావం సగానికి తగ్గింది. ఆపరేషన్ మాట మళ్ళీ రాలేదు.

బీర్పూర్‌కు తిరిగొచ్చిన తర్వాత ఒక ఉదయం, వనంలో కల్లు పోస్తూ, సమ్మయ్య ఈ సంగతి ఎత్తాడు. ఎందుకు ఎత్తాడో అతనికే తెలియదు. కొందరు లేచిపోయారు. ఊళ్ళో కిరాణా దుకాణం నడిపే ఆనంద్ నవ్వాడు. "ఏంది సమ్మన్నా, కల్లు పోసుకుంట ఆడోళ్ళ ముచ్చట్లా?"

రెండు రోజుల తర్వాత ఆనంద్ ఒక్కడే వచ్చాడు. కల్లు వద్దన్నాడు. "మా ఇంటామెకు నలభై ఏడు. ఏడాది సంది రోజు కొట్లాటనే. అర్థం పర్థం లేకుంట ఏడుస్తది. నేను గూడ నోటికొచ్చింది తిట్టిన. ఏ డాక్టరన్నవే నువ్వు?" అని నేలకేసి చూస్తూ అడిగాడు. సమ్మయ్య చెప్పాడు. ఆ తర్వాత ఆమెకు ఎలా ఉందో ఆనంద్ చెప్పలేదు, ఇతనూ అడగలేదు. కానీ వాళ్ళిద్దరూ జగిత్యాల బస్సెక్కడం చూసినవాళ్ళున్నారు.

సమ్మయ్య వనంలో చెప్పిన సంగతి ఆశా కార్యకర్త ప్రవీణ చెవిన పడింది. మహిళా సంఘం మీటింగుకు వచ్చి నాలుగు మాటలు చెప్పమంది. "నేను చెప్తే పుస్తకంల మాట అంటరు పెద్దబాపూ. నువ్వు చెప్తే ఇంటరు." సమ్మయ్య రెండుసార్లు రానన్నాడు, మూడోసారి పోయాడు. గడప దగ్గర కూర్చుని, తలెత్తకుండా, సాయమ్మ కథ మొదటి నుంచి చెప్పాడు. అతను చెప్పడం అయ్యాక ప్రవీణ అందుకుంది. ముట్లు ఆగే వయసులో ఏమేం వస్తాయో, దేనికి ఏ మందు ఉందో చెప్పింది. చివరికి, సంచి ఆపరేషన్ అయినవాళ్ళు చేతులెత్తండి అంది.

ఇరవై రెండు మందిలో తొమ్మిది చేతులు లేచాయి. అండాశయాలు ఉన్నాయో లేవో తెలిసినవాళ్ళు అందులో ఒక్కరూ లేరు. వెనక వరుసలో చేయెత్తిన ఒక పిల్లకు ముప్పై నాలుగు. "నాకు గూడ గట్లనే మంటలు లేస్తయి. మా అత్త నాటకాలంటది" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనున్నామె ఆమె వీపు మీద చేయి వేసింది. ఆ తొమ్మిదిమందినీ ప్రవీణ జగిత్యాలకు తీసుకుపోయింది. ఇద్దరి ఎముకలు అప్పటికే బలహీనపడ్డాయని తేలింది. ఆ పిల్లకు గోళీలు రాసిచ్చారు. ఇప్పుడు నెలకోసారి ప్రవీణ అంగన్వాడీలో ఈ ముచ్చట పెడుతోంది. మగవాళ్ళు రారు. సమ్మయ్య ఒక్కడే పోయి గడప దగ్గర కూర్చుంటాడు.

సాయమ్మ సంవత్సరీకానికి రాధిక పిల్లలతో వచ్చింది. చుట్టాలు భోంచేసి వెళ్ళిపోయాక, ఎండలో తండ్రి పక్కన కూర్చుంది.

"బాపూ, నాకు అవ్వ అంటే ఎప్పుడు మూలకు కూసున్నదే యాదికస్తది. గంతకుముందు సరిగ్గ యాదికి లేదు. ఎట్లుండె?"

తల్లి మామూలుగా ఉన్న రోజులు బిడ్డకు సరిగా గుర్తే లేవని సమ్మయ్య ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజులు గుర్తున్నవాడు ఈ ఇంట్లో ఇక తనొక్కడే.

"నవ్వు ఎక్కువుండె మీ అవ్వకు" అన్నాడు. "పెండ్లైన కొత్తల, నేను తాటిచెట్టు మీద ఉన్నప్పుడు సద్ది తెచ్చి కింద నిలబడేది. కిందికెల్లి ఏదో ఒకటి అని నన్ను నవ్విపిచ్చేది. మోకు జారి పడ్తనే అంటే, పడు, పట్టుకుంట అనేది."

రాధిక మోకాళ్ళ మీద తల పెట్టుకుని వింటోంది. అతను ఇంకా చెప్తూ పోయాడు.